బకెట్ నీళ్లు, బండి వేగం: ఒకే లెక్క

బెంగళూరులో కుళాయి తిప్పితే వచ్చే కావేరి నీరు కొండెక్కి వచ్చిన నీరు. నగరం సముద్రమట్టానికి దాదాపు 920 మీటర్ల ఎత్తున ఉంది. నది అక్కడికి వంద కిలోమీటర్ల దూరాన, ఎంతో పల్లంలో పారుతోంది. మళవళ్లి ప్రాంతంలోని తొరెకాడనహళ్లి దగ్గర నీటిని శుద్ధి చేసి పైకి తోస్తారు. అక్కడి నుంచి హారోహళ్లికి, హారోహళ్లి నుంచి తాతగుణికి, ఆపైన నగరానికి. మూడు అంచెల్లో ఇంచుమించు 500 మీటర్లు ఎక్కితే గానీ జయనగరంలోనో మారతహళ్లిలోనో మన బకెట్ నిండదు.

ఆ బకెట్‌తోనే మొదలుపెడదాం. 20 లీటర్ల నీరంటే 20 కిలోలు. ఒక వస్తువును పైకి ఎత్తడానికి పట్టే శక్తి తెలియాలంటే బరువును ఎత్తుతో హెచ్చవేస్తే చాలు. కిలోకు 9.8 న్యూటన్లు, ఎత్తు 500 మీటర్లు. లీటరుకు 4,900 జౌళ్లు, బకెట్‌కు 98,000 జౌళ్లు. పెద్ద అంకెలా కనిపిస్తుంది కానీ 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు మూడు గంటలు వెలిగితే ఖర్చయ్యేది అంతే. పైపు గోడల రాపిడి, పంపుల్లో పోయే నష్టం కలిపితే అసలు ఖర్చు ఇంకొంత ఎక్కువ.

చిన్నప్పుడు మనకు స్థితిజ శక్తి అని నేర్పిన పాఠం ఇదే. చాలామందికి భౌతికశాస్త్రం ఇంటర్మీడియట్ పరీక్షతో ముగిసిపోయింది. నిర్వచనం కంఠస్థం చేశాం, సూత్రంలో అంకెలు ఎక్కించాం, మార్కులు తెచ్చుకున్నాం. ఆ లెక్కల్లో ఎప్పుడూ ఏదో దిమ్మ ఏదో వాలుతలం మీద జారేది. మన ఇంటి కరెంటు బిల్లు గానీ, మనం నడిపే బండి గానీ ఒక్కసారైనా ప్రశ్నపత్రంలోకి రాలేదు. అందుకే ఆ విద్య మన చేతికి అందలేదని నా నమ్మకం. ఈ అధ్యాయంలో మీతో అలవాటు చేయించదలచుకున్నది ఒక్కటే: చుట్టూ కదిలేది, వేడెక్కేది, పైకి లేచేది ఏది కనిపించినా "దీనికి ఎన్ని జౌళ్లు?" అని అడగడం, ఉజ్జాయింపుగానైనా జవాబు కట్టడం. దీనికి కావలసిన గణితం గుణకారం, భాగహారం మాత్రమే.

కావేరినే ఇంకాస్త పట్టుకుందాం. మైసూరు దివాన్ శేషాద్రి అయ్యర్ హయాంలో మొదలైన ప్రణాళిక 1902లో ఫలించి, శివనసముద్రం దగ్గర జలవిద్యుత్ తయారైంది. ఆ కరెంటు దాదాపు 150 కిలోమీటర్ల దూరంలోని కోలార్ బంగారు గనులకు వెళ్లింది. 1905లో ఆ కరెంటే బెంగళూరు వీధి దీపాలను వెలిగించింది. శివనసముద్రంలో నీరు పడే ఎత్తు సుమారు 120 మీటర్లు. అంటే ఒక లీటరు పడితే దక్కే శక్తి ఎక్కువలో ఎక్కువ 1,176 జౌళ్లు. తాగునీటి కోసం కావేరిని మళ్లించేదీ ఆ పరిసరాల్లోనే. మన కుళాయిలోకి ఒక లీటరు ఎక్కడానికి 4,900 జౌళ్లు కావాలి కదా! అంటే శివనసముద్రంలో నాలుగు లీటర్లకు పైగా కింద పడితే గానీ ఒక లీటరు బెంగళూరుకు ఎక్కదు. శక్తి నిత్యత్వ నియమాన్ని ఇంతకన్నా కళ్లకు కట్టించే చోటు దక్షిణాదిలో ఇంకొకటి ఉంటుందని నేననుకోను. ఎక్కడా శక్తి ఊరికే పుట్టలేదు. ఒకచోట నీరు దిగిన ఎత్తు ఇంకోచోట నీరు ఎక్కిన ఎత్తుగా మారింది.

కావేరి మొదటి దశ నీరు నగరానికి 1974లో వచ్చింది. అయిదో దశ 2024 అక్టోబరులో ప్రారంభమయ్యాక మొత్తం సరఫరా సామర్థ్యం రోజుకు 220 కోట్ల లీటర్లు దాటింది. లెక్క తేలిగ్గా ఉండేందుకు 200 కోట్లే అనుకోండి. ఆ నీటిని ఎత్తడానికి, యంత్రాల నష్టం కలపకుండానే, రోజుకు 27 లక్షల యూనిట్ల కరెంటు కావాలి. యూనిట్ అంటే 36 లక్షల జౌళ్లు. వెయ్యి వాట్ల సాధనం గంటసేపు పనిచేస్తే అయ్యే ఖర్చు అది. ఈ ఒక్క అంకె గుర్తుంటే పాఠ్యపుస్తకంలోని జౌల్‌కు, మీటరు తిరిగే యూనిట్‌కు మధ్య దారి తెరుచుకుంటుంది.

మీ ఇంట్లో సంపు నుంచి మేడమీది ట్యాంకుకు మోటారు వేస్తారు. వెయ్యి లీటర్లు, పన్నెండు మీటర్ల ఎత్తు: 1,17,600 జౌళ్లు. అవే వెయ్యి లీటర్లు కావేరి నుంచి ఇక్కడికి ఎక్కడానికి పట్టింది 49 లక్షల జౌళ్లు, అంటే నలభై రెట్లు. ట్యాంకు పొంగి నీరు గోడ వెంట కారుతుంటే చాలామంది మన మోటారు కరెంటు కాసింత వృథా అయిందని అనుకుంటారు. కారిపోయినదాంట్లో అది నలభయ్యో వంతు మాత్రమే.

ఇక్కడి నుంచి కథ ఆశ్చర్యంగా మలుపు తిరుగుతుంది. అదే బకెట్ నీటిని స్నానానికి వేడి చేయాలి. చలికాలం ఉదయం 20 డిగ్రీల నీటిని 40కి తేవాలనుకోండి. కిలో నీటిని ఒక్క డిగ్రీ వేడెక్కించడానికి సుమారు 4,186 జౌళ్లు పడుతుంది. 20 కిలోలు, 20 డిగ్రీలు: 16 లక్షల 74 వేల జౌళ్లు, దాదాపు అర యూనిట్. బకెట్‌ను కావేరి నుంచి బెంగళూరుకు ఎత్తిన శక్తికి ఇది పదిహేడు రెట్లు! మరోలా చెబితే, 500 మీటర్లు ఎత్తడానికి పట్టిన శక్తి మొత్తాన్ని అదే నీటికి వేడిగా ఇస్తే అది ఒక డిగ్రీ, మహా అయితే ఒకటింబావు డిగ్రీ వేడెక్కుతుంది.

ఎత్తుకూ వేడికీ ఉన్న ఈ సంబంధాన్ని మొదట పట్టుకున్నవాళ్లలో ముఖ్యుడు మాంచెస్టర్ దగ్గర పుట్టిన జేమ్స్ ప్రెస్కాట్ జౌల్. బీరు తయారుచేసే కుటుంబం ఆయనది. 1840ల్లో బరువులను కిందికి దించుతూ, ఆ బరువుల లాగుడుతో నీటిలో తెడ్లు తిప్పుతూ, నీరు ఎంత వేడెక్కిందో ఓపిగ్గా కొలిచాడు. పెరుగుదల అతి స్వల్పం. చూసినవాళ్లు మొదట్లో నమ్మలేదు కూడా. అంత బరువు అంత ఎత్తు నుంచి దిగినా థర్మామీటరు కదిలీ కదలనట్టు కదలడమే అసలు విషయం. ఎత్తు, కదలిక కళ్లకు పెద్దగా కనిపిస్తాయి, జౌళ్లలో చిన్నవి. వేడి కళ్లకు కనిపించదు, జౌళ్లలో మాత్రం కొండంత.

ఈ ఒక్క సంగతి మీ ఇంటి పొదుపు ఎక్కడ మొదలవ్వాలో చెబుతుంది. ఫోన్ ఛార్జర్ ప్లగ్గులో వదిలేశారని పిల్లలను కోప్పడే ఇంట్లోనే గీజర్ గంటసేపు వెలుగుతుంటుంది. నా మాట వినండి, ముందు వేడి చేసే సాధనాల సంగతి చూడండి: గీజరు, ఇస్త్రీ పెట్టె, ఇండక్షన్ పొయ్యి. 15 లీటర్ల గీజరు, 2,000 వాట్లు, 25 డిగ్రీలు పెంచాలి. కావలసిన శక్తి 15 లక్షల 70 వేల జౌళ్లు. వాట్ అంటే సెకనుకు ఒక జౌల్ కాబట్టి 2,000తో భాగిస్తే 785 సెకన్లు, పదమూడు నిమిషాలు. స్నానానికి పావుగంట ముందు స్విచ్ వేస్తే సరిపోతుంది. బెంగళూరు మేడల మీద సోలార్ వాటర్ హీటర్లు ఎందుకంత ఎక్కువగా కనిపిస్తాయో కూడా ఈ లెక్కే చెబుతుంది. ఎండతో నీళ్లు కాగితే ఇంటి కరెంటు ఖర్చులో పెద్ద పద్దు తగ్గుతుంది.

వంటింట్లో దీనికి ఇంకో అధ్యాయం ఉంది. 920 మీటర్ల ఎత్తున గాలి పీడనం తక్కువ కాబట్టి బెంగళూరులో నీరు 97 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. కందిపప్పు మూత లేని గిన్నెలో నెల్లూరులో కన్నా ఇక్కడ కాస్త ఆలస్యంగా ఉడుకుతుంది. కుక్కర్ ఆ లోటును తీరుస్తుంది. మరిగాక మంట ఎంత పెంచినా నీటి వేడి పెరగదు, ఆ గ్యాసంతా ఆవిరికే పోతుంది. లీటరు నీటిని మరిగే దాకా తేవడానికి మూడు లక్షల జౌళ్లు చాలు. అదే లీటరును పూర్తిగా ఆవిరి చేయడానికి దాదాపు 22 లక్షల 60 వేలు. మరుగు రాగానే మంట తగ్గించి మూత పెట్టమని మన అమ్మలు చెప్పే మాటకు ఈ ఏడున్నర రెట్ల తేడా బలం ఉంది.

ఇక వేగం సంగతి. ఈ అధ్యాయంలో దేన్ని మర్చిపోయినా ఫర్వాలేదు, ఈ భాగాన్ని మాత్రం మర్చిపోవద్దని ప్రాధేయపడుతున్నాను.

కదిలే వస్తువులోని శక్తి దాని బరువుతో పాటు మామూలుగా పెరుగుతుంది, వేగంతో మాత్రం వర్గంలా పెరుగుతుంది. వేగం రెట్టింపైతే శక్తి నాలుగింతలు. స్కూటరూ మనిషీ కలిపి 180 కిలోలనుకోండి. గంటకు 36 కిలోమీటర్లంటే సెకనుకు 10 మీటర్లు. ద్రవ్యరాశిలో సగాన్ని వేగ వర్గంతో హెచ్చవేస్తే 9,000 జౌళ్లు. 72 దగ్గర 36,000 జౌళ్లు. స్పీడోమీటరు ముల్లు సమానమైన గీతల మీద జరుగుతుంది కాబట్టి 40కి, 60కి మధ్య తేడా "కొంచెమే" అనిపిస్తుంది. శక్తిలో ఆ తేడా రెండుంబావు రెట్లు.

ఆగే దూరం కట్టి చూద్దాం. ముందు అడ్డం కనిపించి, బ్రేకు మీద చేయి బిగిసేలోపు సుమారు ఒక సెకను గడుస్తుంది. ఆ సెకనంతా బండి పాత వేగంతోనే పోతుంది. తర్వాత పొడి రోడ్డు మీద మంచి బ్రేకులు ప్రతి సెకనుకూ వేగాన్ని సెకనుకు ఆరు మీటర్ల చొప్పున తగ్గిస్తాయనుకుందాం. 40 వేగంతో వస్తే మొదటి సెకనులో 11 మీటర్లు, బ్రేకు పడ్డాక 10, మొత్తం 21 మీటర్లు. 60 వేగంతో వస్తే మొదట 17, తర్వాత 23, మొత్తం 40 మీటర్లు. ఇప్పుడు 22 మీటర్ల దూరంలో ఒక పిల్లవాడు రోడ్డు మీదికి పరుగెత్తాడనుకోండి. 40 మీద వస్తున్నవాడు పిల్లవాడికి ఒక మీటరు ముందు ఆగిపోతాడు. 60 మీద వస్తున్నవాడు అదే చోటికి చేరేసరికి బ్రేకు వేసి అయిదు మీటర్లే అయింది. అతని వేగం ఇంకా 50 పైనే ఉంటుంది. ఇద్దరి మధ్య తేడా స్పీడోమీటరు మీద 20, రోడ్డు మీద ఒక ప్రాణం.

వానపడితే రోడ్డు పట్టు సగానికి తగ్గుతుంది, బ్రేకు పడ్డాక పోయే దూరం రెట్టింపవుతుంది. 60 దగ్గర మొత్తం 60 మీటర్లు దాటుతుంది. సాయంత్రం వాన బెంగళూరు అలవాటు. రాత్రి పదకొండు దాటాక, పగలంతా సిల్క్ బోర్డు కూడలి ట్రాఫిక్‌లో ఇరుక్కున్న విసుగు తీరేలా ఔటర్ రింగ్ రోడ్డు మీద యాక్సిలరేటర్ తిప్పే కుర్రాళ్లలో మన తెలుగు ఊళ్ల నుంచి వచ్చినవాళ్లూ ఉన్నారు. వాళ్లకు "మెల్లగా పోరా తమ్ముడూ" అన్న మాట ఎక్కదు. ఈ లెక్క కాగితం మీద వాళ్ల చేతనే వేయించండి. తన చేత్తో కట్టిన అంకెను మనిషి అంత తేలిగ్గా కాదనలేడు.

హెల్మెట్ సంగతి ఇక్కడే చెప్పాలి. 36 కిలోమీటర్ల వేగంతో దేన్నైనా గుద్దడమంటే అయిదు మీటర్ల ఎత్తు నుంచి, అంటే దాదాపు రెండో అంతస్తు బాల్కనీ నుంచి, నేల మీద పడటంతో సమానం. 72 అయితే 20 మీటర్లు, అంటే ఆరేడు అంతస్తులు. ఎత్తులోని శక్తి, వేగంలోని శక్తి ఒకదానిలోకి ఒకటి మారగలవు కాబట్టి ఈ పోలిక అక్షరాలా నిజం. అంతెత్తు మీద పిట్టగోడ లేకుండా ఎవరూ నిలబడరు. అదే మనిషి తలకు ఏమీ లేకుండా బండి మీద ఆ వేగంతో వెళ్తాడు.

మళ్లీ జౌల్ దగ్గరికి వెళ్దాం. అయిదు కిలోల తల సెకనుకు పది మీటర్ల వేగంతో పోతుంటే దానిలో ఉన్నది 250 జౌళ్లు. ఆ శక్తి అర కప్పు టీని ఒక్క డిగ్రీ పైచిలుకు వేడి చేస్తుంది, అంతే. అంత తక్కువ శక్తి ప్రాణం ఎలా తీస్తుంది? చంపేది శక్తి మొత్తం కాదు, అది ఎంత చిన్న దూరంలో ఖర్చయిందన్నది. బలాన్ని దూరంతో హెచ్చవేస్తే ఆ శక్తి రావాలి. తల రాయిని నేరుగా తాకితే రెండు మూడు మిల్లీమీటర్లలో ఆగాలి. హెల్మెట్ లోపలి థర్మోకోల్ లాంటి పొర నలుగుతూ రెండు మూడు సెంటీమీటర్ల దూరం ఇస్తుంది. దూరం పది రెట్లు పెరిగింది, బలం పదో వంతుకు తగ్గింది. కాబట్టి హెల్మెట్ ప్రాణం దాని లోపలి పొరలో ఉంది. పొర లేని టోపీలాంటి హెల్మెట్ పోలీసు నుంచి కాపాడవచ్చు, రాయి నుంచి కాపాడదు. పట్టీ బిగించకపోతే తల ఆగకముందే అది ఎగిరిపోతుంది. ఒకసారి గట్టిగా దెబ్బ తిన్న హెల్మెట్‌లో పొర నలిగిపోయి ఉంటుంది, పైకి బాగానే కనిపించినా మార్చేయాలి. కారులో సీటు బెల్టు, ముందు నలిగేలా కట్టిన కారు ముక్కు చేసే పని కూడా ఇదే, ఆగే దూరాన్ని పెంచడం.

బస్సులో నిలబడేవాళ్లకూ ఒక మాట. డ్రైవరు బ్రేకు వేస్తే బస్సు ఆగుతుంది, మీరు ముందుకు పోతూనే ఉంటారు, జడత్వం. పాదాలు పక్కపక్కన పెట్టకుండా, బస్సు పోయే దిశలో ఒకటి ముందు, ఒకటి వెనక ఉంచి నిలబడండి. తూలడం చాలా తగ్గుతుంది.

బ్రేకు వేసిన ప్రతిసారీ ఆ కదలిక శక్తి ఎక్కడికి పోతోంది? బ్రేకుల్లో వేడిగా. వెయ్యి కిలోల కారు 36 వేగం నుంచి ఆగితే 50,000 జౌళ్లు గాలిలో కలిసిపోతాయి. మళ్లీ అంత వేగానికి చేరాలంటే ఇంజను కొత్తగా ఇవ్వాలి. పెట్రోలు ఇంజను తాగిన శక్తిలో సుమారు పావు వంతే చక్రాలకు చేరుస్తుంది కాబట్టి రెండు లక్షల జౌళ్ల పెట్రోలు, అంటే ఆరు మిల్లీలీటర్లు. నూట అరవై సార్లు ఆగితే లీటరు. దూరాన ఎర్ర లైటు కనిపించగానే యాక్సిలరేటర్ వదిలేసి, బండిని తన వేగంతోనే దొర్లనివ్వడం బెంగళూరు డ్రైవరు నేర్చుకోదగిన అతి ముఖ్యమైన విద్య. సిగ్నల్ దాకా గట్టిగా వెళ్లి బ్రేకు కొట్టినవాడు, మెల్లగా దొర్లి వచ్చినవాడు ఒకే పచ్చ లైటుకు కదులుతారు. ఎలక్ట్రిక్ స్కూటర్లు, కార్లు, 2011 అక్టోబరులో మొదలైన నమ్మ మెట్రో రైళ్లు వేగం తగ్గేటప్పుడు మోటారునే జనరేటరుగా మార్చి కొంత శక్తిని వెనక్కి రాబడతాయి. మెట్రోలో అది మూడో పట్టాలోకి వెళ్లి దగ్గరలో బయలుదేరే ఇంకో రైలుకు పనికొస్తుంది.

సాధన ఎలా చేయాలి? ఒక చిన్న పుస్తకం పెట్టుకోండి. మొదటి పేజీలో ఈ అంకెలు రాయండి: లీటరు నీరు ఒక కిలో, గురుత్వానికి 10 వేసుకున్నా చాలు, డిగ్రీకి 4,200, యూనిట్‌కు 36 లక్షలు, లీటరు పెట్రోలుకు సుమారు 3 కోట్ల 20 లక్షల జౌళ్లు, కిలోమీటర్ల వేగాన్ని 3.6తో భాగిస్తే సెకనుకు మీటర్లు. ఇంతకన్నా అవసరం లేదు. ఏ లెక్కకైనా ముందు మనసులో ఒక ఊహ రాసుకోండి, తర్వాత కట్టండి, వీలైతే మీటరుతో సరిచూడండి. ఊహ లేకుండా కట్టిన లెక్క మర్నాటికి గుర్తుండదు. కర్ణాటక ప్రభుత్వ ఉచిత కరెంటు పథకం గృహజ్యోతి కింద బిల్లు సున్నా వచ్చినా యూనిట్ల వరుస చదవడం మానొద్దు. గీజరు తప్ప మిగతావన్నీ ఆపి, వేయకముందు, కట్టేశాక మీటరు చదివితే జౌల్ ప్రయోగం మీ ఇంట్లోనే జరిగినట్టు.

పిల్లలుంటే కస్తూర్బా రోడ్డులోని విశ్వేశ్వరయ్య మ్యూజియానికి తీసుకెళ్లండి. ఇంజన్ల హాల్లో ప్రతి యంత్రం దగ్గరా రెండే ప్రశ్నలు అడగండి: శక్తి ఎక్కడి నుంచి వచ్చింది, ఎక్కడికి పోయింది? జవాబు మీరు చెప్పకండి. వాళ్లు తప్పు చెప్పినా సరే, ఇంకో ప్రశ్న వేయండి.

పెద్దవాళ్లకు నేనిచ్చే మొదటి ఇంటిపని తిరుపతి ప్రయాణం. బెంగళూరు నుంచి ములబాగిలు, పలమనేరు మీదుగా మొగిలి ఘాటు దిగి చిత్తూరు, అక్కడి నుంచి తిరుపతి. తిరుపతి ఊరు బెంగళూరు కన్నా సుమారు 750 మీటర్లు కింద ఉంది. మనుషులూ సామానూ కలిపి 1,400 కిలోల కారైతే కోటి జౌళ్లకు పైగా తేడా. ఇంజను పావు వంతు లెక్కన సుమారు 1.3 లీటర్ల పెట్రోలు. వెళ్లేటప్పుడు కాలిందెంత, తిరిగొచ్చేటప్పుడు కాలిందెంత, ట్యాంకు నిండుగా పోయించి రాసుకోండి. ఏసీ, వేగం, మనుషులు రెండు వైపులా ఒకేలా ఉండాలి, తిరుమల కొండ ఎక్కి దిగింది వేరుగా లెక్కించాలి. ఘాటులో న్యూట్రల్ వద్దు, ఎక్కే గేరులోనే దిగండి. లేదంటే బ్రేకులు కాలిపోతాయి. రెండు ప్రయాణాల తేడా 1.3 లీటర్ల దగ్గర ఉంటే దిగేటప్పటి శక్తి దాదాపుగా బ్రేకుల్లోనూ ఇంజను రాపిడిలోనూ వేడిగా పోయింది. తేడా రెండున్నర లీటర్ల వైపు జరిగితే ఆ ఎత్తులో చాలా భాగాన్ని కారు దారి పొడవునా వాడుకుంది.